డ్రోన్ ఎవరైనా ఎగరేస్తారు, విమానం సంగతి వేరు

"పెట్టె విప్పగానే ఎగిరే డ్రోన్ ఉండగా, వారాలకు వారాలు కూర్చుని రిమోట్ విమానం తయారు చేసుకోవడంలో ఆనందం ఏముంది?" అని కదా మీ ప్రశ్న. నన్నడిగితే, పెట్టె విప్పగానే ఎగరడమే డ్రోన్‌కున్న జబ్బు. జీపీఎస్, సెన్సార్లు కలిసి దాన్ని గాల్లో నిలబెడతాయి. రిమోట్ మీది స్టిక్ వదిలేసి మీరు టీ తాగుతున్నా అది అక్కడే ఉంటుంది. ఇక ఎగరేసింది ఎవరు? పెళ్లిలో సరిగ్గా తలంబ్రాల టైముకి పంతులుగారి నెత్తిమీదికొచ్చి రొద పెట్టే వాటి సంగతి ఎత్తితే ఈ జవాబు ఇప్పట్లో తెమలదు.

మాది విజయవాడ. విమానాలకు వాడే తేలికపాటి బాల్సా చెక్క ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సగం షీట్లు దారిలోనే విరిగి వస్తున్నాయని థర్మాకోల్‌కి మారిపోయాను. రెక్కలో వెదురు బద్ద, పైన ప్యాకింగ్ టేపు, తోకని కదిలించే చిన్న మోటారు (సర్వో) నుంచి తోక దాకా సైకిల్ స్పోకు. ఫెవిక్విక్ మాత్రం దరిదాపులకు రానివ్వకండి, థర్మాకోల్‌ని తినేస్తుంది. అన్నీ బిగించాక, రెక్క కింద ముందు అంచు నుంచి పావు వంతు వెడల్పు దాటిన చోట రెండు వేళ్లు ఆనించి ఎత్తితే విమానం ఒరగకుండా నిలవాలి. తోక బరువైందంటే చేతిలోంచి వదలగానే ముక్కు పైకెత్తి అక్కడే కూలబడుతుంది. బ్యాటరీని వేలెడు ముందుకి జరపడం, మళ్లీ ఎత్తి చూడడం, ఈ తంతులో రాత్రి పన్నెండయినా నాకు తెలియదు. ఇంట్లోవాళ్లకు తెలుస్తుందనుకోండి.

పోయిన వేసవిలో దుగ్గిరాల వైపు మినుము తీసేసిన చేలో ఎగరేస్తున్నాం. మా మేనల్లుడు పరుగెత్తి విసిరాడు. కాసేపటికి "మావయ్యా, గద్దలు!" అని అరిచాడు. రెండు గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతున్నాయి. నేల కాగి వేడిగాలి లేచే చోటు వాటికి తెలిసినట్టు ఏ యాప్‌కీ తెలియదు. విమానాన్ని వాటి కిందికి పోనిచ్చి మోటార్ ఆపేశాను. ఎడమ రెక్క కొస చిన్నగా పైకి లేచింది, అంటే వేడిగాలి అటు ఉందన్నమాట. అటే తిప్పాను. అంతే, నా చేత్తో కోసిన థర్మాకోల్ ముక్క మోటార్ లేకుండా గద్దల వెనకాలే మెట్లెక్కినట్టు ఎక్కుతోంది! గట్టు మీద గేదెలు కాస్తున్న పెద్దాయన "ఏంది అబ్బాయ్, సౌండ్ లేదు, బ్యాటరీ అయిపోయిందా?" అన్నాడు. జవాబు చెప్పే స్థితిలో లేను. మెడ పట్టేసింది, కళ్లలోకి చెమట కారుతోంది, చూపు తిప్పితే చుక్కలా ఉన్న విమానం మళ్లీ దొరకదని టెన్షన్. ఒక గద్ద కిందికి దిగి దాన్ని ఓసారి పరీక్షగా చూసి పోయింది. ఈ ఆనందం ఏ షోరూంలో అమ్ముతారో చెప్పండి, కొనుక్కుంటాను.

దింపేటప్పుడే కొత్తవాళ్లకు చుక్కలు కనిపిస్తాయి. విమానం మనవైపు వస్తుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఏ రెక్క వాలితే స్టిక్ ఆ వైపే నొక్కాలి. మావాడికి ఇది రెండు ముక్కల్లో ఎక్కింది, మా బావగారికి ఇప్పటికీ ఎక్కలేదు.

ఇప్పుడు అసలు కష్టం జాగాతోనే. ఏ చేను చూసినా సర్వే రాళ్లు, రంగు జెండాలు. కోతలయ్యాక రైతుని మర్యాదగా అడిగితే మాత్రం కాదనరు. గన్నవరం ఛాయలకు పోవద్దు, ఎయిర్‌పోర్టు ఉంది. 2021 డ్రోన్ రూల్స్ మన థర్మాకోల్ విమానానికీ వర్తిస్తాయి. అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగుల ఎత్తు దాటకూడదు, మీ చోటు ఏ జోనో ముందు ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి. విమానంలో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని మే ఎండలో కారులో వదిలేసి టిఫిన్‌కి వెళ్లకండి, ఉబ్బిపోతుంది.