జతకట్టే కణాల పట్టును కొలవబోయే ముందు

అమ్మాయ్,

ఏఎఫ్ఎం (అతి చిన్న బలాలను కొలిచే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) మీద పని మొదలుపెడుతున్నావని రాశావు, సంతోషం. ఈస్ట్‌లో 'ఎ' రకం కణం, ఆల్ఫా రకం కణం జతకట్టేటప్పుడు ఎంత గట్టిగా పట్టుకుంటాయో కొలవడం చెప్పుకోవడానికి సులువే. ఒకదాన్ని కాంటిలివర్‌కి, అంటే ఆ పరికరంలో బలానికి వంగే సన్నటి పట్టీకి, అంటించి, రెండోదానికి ఆనించి, వెనక్కి లాగాలి. చిక్కంతా ఆ అంటించే జిగురు దగ్గరే ఉంది.

చాలామంది కాన్‌కనావలిన్ అనే ప్రోటీన్‌ని జిగురుగా పూస్తారు. అది ఈస్ట్ గోడ మీది మన్నోజ్ చక్కెరలను పట్టుకుంటుంది. ఎదుటి కణం గోడ మీదా అవే చక్కెరలున్నాయి కదా! పూతను సరిగ్గా కడగకపోతే, ఊడిన కాస్త కాన్‌కనావలిన్ రెండు కణాల మధ్య చేరుతుంది. వెనక్కి లాగినప్పటి బలం గ్రాఫ్‌లో లోతైన గుంత కనిపిస్తుంది, నువ్వు మురిసిపోతావు, తీరా అది జిగురు బలం. కణం కాంటిలివర్ కొసన కాకుండా లోపలికి జరిగినా, పూతే నేరుగా ఎదుటి కణాలకు తగలొచ్చు.

అందుకే అతుక్కోకూడని జతలతో మొదలుపెట్టు. ముందు రెండూ 'ఎ' రకమే పెట్టి చూడు. తర్వాత 'ఎ' కణాలకు డైసల్ఫైడ్ (గంధకం-గంధకం) బంధాలను తెంచే డీటీటీ అనే రసాయనం ఇవ్వు. వాటి మీది ఆగా2 ప్రోటీన్ డైసల్ఫైడ్ బంధాలతోనే గోడలోని ఆగా1 ప్రోటీన్‌ని పట్టుకుని ఉంటుంది. ఆ బంధాలు తెగితే ఆగా2 ఊడిపోతుంది, ఆల్ఫా కణం మీది సాగ్1 ప్రోటీన్‌కి పట్టు దొరకదు. అయినా బలం తగ్గలేదంటే జిగురునే అనుమానించు. డీటీటీ గోడలోని వేరే బంధాలనూ కదిలిస్తుంది కాబట్టి, సాగ్1 జీన్ తీసేసిన ఆల్ఫా స్ట్రెయిన్ దొరికితే నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

'ఎ' కణాలకు ముందుగా ఆల్ఫా ఫ్యాక్టర్ (ఆల్ఫా కణాలు వదిలే జతకట్టే సంకేతం) ఇవ్వడం మర్చిపోకు, అతుక్కునే ప్రోటీన్లు బాగా పెరిగేది అప్పుడే. 'ఎ' కణాలు బార్1 అనే ఎంజైమ్‌ని వదిలి ఆ ఫ్యాక్టర్‌ని ముక్కలు చేసేస్తాయి, కాబట్టి బార్1 లేని స్ట్రెయిన్ తీసుకో. మరీ ఆలస్యం చేస్తే కణానికి ముక్కులాంటిది పొడుచుకొస్తుంది. అలాంటప్పుడు ఏ వైపు తగిలిందో నోట్‌బుక్‌లో రాయి.

క్యాలిబ్రేషన్ (కాంటిలివర్ వంపును బలంగా మార్చే లెక్క సరిచూడడం) కణం ఎక్కించకముందే, గట్టి గాజు మీద చేసెయ్. మీటరుకు 0.01 నుంచి 0.06 న్యూటన్ల మెత్తటి కాంటిలివర్ చాలు. ఆనించి ఉంచే సమయం, లాగే వేగం మాత్రం మధ్యలో మార్చకు. వేగంగా లాగితే అదే బంధం ఎక్కువ బలం దగ్గర తెగుతుంది, ఆ అంకెలను వేరే వేగంతో వచ్చినవాటి పక్కన పెట్టలేవు.

కొన్ని గ్రాఫ్‌లకొకసారి మైక్రోస్కోప్‌లో చూస్తూ ఉండు. కణం జారిపోయినా కాంటిలివర్ గ్రాఫ్‌లు గీస్తూనే ఉంటుంది. మొదటి బ్యాచ్ రాగానే, రెండూ 'ఎ' రకమైన జత గ్రాఫ్‌లు ముందు పంపు. అసలైనవి తర్వాత చూద్దాం.