పిక్క పట్టేసినట్టే గుండె కూడా పట్టేస్తుందా?

ప్రశ్న: నా వయసు 52 ఏళ్లు. రెండు నెలలుగా కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్ర వాడుతున్నాను. ఈ మధ్య నిద్రలో పిక్కలు పట్టేసి రాయిలా గట్టిపడుతున్నాయి. గుండె కూడా కండరమే కదా, అదీ ఇలాగే పట్టేస్తుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: గుండె కండరం పిక్కలా పట్టేయదండీ. మీ పిక్కలో ఉన్నది ఎముకలను కదిలించే అస్థి కండరం; మన అధీనంలో పనిచేసే ఇలాంటివి ఒంట్లో 600కు పైగా ఉన్నాయి. నాడి నుంచి సంకేతం అందగానే కణంలో కాల్షియం విడుదలై, యాక్టిన్, మయోసిన్ అనే ప్రోటీను పోగులు ఒకదాని మీదుగా మరొకటి జారడంతో కండరం కుంచించుకుంటుంది. సంకేతాలు ఎడతెరిపి లేకుండా వస్తే సడలే వ్యవధి దొరక్క అది బిగుసుకునే ఉండిపోతుంది. రాత్రి మీ చేతికి తగిలే గట్టి ముద్ద అదే.

గుండె కండరంలోనూ ఈ పోగులే చారల్లా అమరి ఉన్నా, దాని లయ కుడి కర్ణిక (గుండె పై గది)లోని లయారంభకం, అంటే తనంతట తానే సంకేతాలు పుట్టించే కణాల గుంపు నుంచి పుడుతుంది. పైగా, ఒకసారి కుంచించుకున్నాక దాదాపు పావు సెకను పాటు అది మరో సంకేతాన్ని స్వీకరించదు. ఆ లోగా సడలడం మొదలవుతుంది కాబట్టి బిగుసుకుపోయే అవకాశమే లేదు. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకునే గుండెను కాపాడేది ఈ కాస్త విరామమే.

అస్థి కండరం, గుండె కండరం కాక ఒంట్లో ఉన్న మూడో రకం నునుపు కండరం. పేగులు, మూత్రాశయం, రక్తనాళాల గోడల్లో ఉండి, నెమ్మదిగా, తక్కువ శక్తితో, చాలాసేపు బిగువు నిలుపుతుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి చాలాసార్లు దీనిదే. గుండెకు రక్తమిచ్చే ధమనుల గోడల్లోని ఈ కండరం బిగుసుకున్నా ఛాతీ నొప్పి వస్తుంది గానీ, ఎక్కువమందిలో ఆ నొప్పికి కారణం ధమనుల్లో కొవ్వు పేరుకుని రక్తం చాలకపోవడమే. అందువల్ల ఛాతీ బరువెక్కి చెమటలు పడితే మాత్రం ఆలోచించకుండా 108కు ఫోన్ చేయండి.

పిక్క పట్టేసినప్పుడు మోకాలు చాచి, పాదం వేళ్లను మీ వైపు లాగి పట్టుకోండి. స్టాటిన్ల వల్ల కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, అయినా మాత్రను సొంతంగా మానేయకండి. మీకు ఆ మాత్ర రాసిన డాక్టరుకు విషయం చెప్పి సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం, షుగర్ పరీక్షలు చేయించుకోండి. నొప్పులతో పాటు నీరసం పెరిగి మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.