వెల్డింగ్ మెషీన్ విశాఖ నుంచి తెచ్చుకోవాలా?

సందేహం: మాది గాజువాక. త్వరలో అమెరికా వస్తున్నాను. ఇంట్లో ఉన్న 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్, గ్రైండర్, రాడ్లు తెచ్చుకోవచ్చా అండీ?

సమాధానం: మెషీన్ అక్కడే ఉంచేసి రండి. విశాఖలో ప్లగ్గుకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ మామూలు ప్లగ్గుకు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇన్వర్టర్ మెషీన్ ముందే ఏసీని డీసీగా మార్చుకుంటుంది కాబట్టి హెర్ట్జ్ తేడాతో దానికి పేచీ లేదు. అసలు చిక్కు కరెంటు చాలకపోవడమే. 15 ఆంప్స్ బ్రేకర్ మీద 120 వోల్టుల ప్లగ్గు ఇవ్వగలిగేది 1800 వాట్లు. 2.5 మి.మీ. రాడ్డును 80 ఆంప్స్ మీద కాలిస్తే ఆర్క్ (రాడ్డు చివర మెరిసే నిప్పు) దగ్గరే సుమారు 1850 వాట్లు కావాలి, మెషీన్‌లో పోయేది అదనం. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ పెంచినా ఈ లెక్క మారదు, బ్రేకర్ పడిపోతుంది.

చాలా ఇళ్లలో బట్టల డ్రయర్‌కు 240 వోల్టుల, 30 ఆంప్స్ ప్లగ్గు ఉంటుంది. హాబీ వెల్డింగ్‌కు అది బాగానే సరిపోతుంది. అయితే ఆ 240 వోల్టులు ఇచ్చే రెండు వైర్లూ ఫేజులే, వాటిలో ఏదీ న్యూట్రల్ కాదు. మెషీన్ స్విచ్ ఒక్క వైరునే తెంచే రకమైతే, ఆఫ్ చేసినా లోపల కరెంటు ఉంటుంది. అందుకే 120, 240 రెండింటి మీదా నడిచే మెషీన్ ఇక్కడే కొనుక్కోండి. డ్రయర్ ప్లగ్గుకు నాలుగు రంధ్రాలుంటే ఎర్త్ ఉన్నట్టు. పాత ఇళ్లలో కనిపించే మూడు రంధ్రాల నెమా 10-30లో (నెమా అంటే ఇక్కడి ప్లగ్గుల ప్రమాణం) మూడోది న్యూట్రల్, ఎర్త్ కాదు. అడాప్టర్‌తో మెషీన్ బాడీని దానికి కలిపితే, న్యూట్రల్ తెగిన రోజున బాడీకే షాక్ వస్తుంది. సొంతిల్లయితే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ ఉన్న 240 వోల్టుల నెమా 6-50 ప్లగ్గు వేయించుకోండి.

రాడ్లు మోసుకురావద్దు. మనవాళ్లకు అలవాటైన 6013 రకం రాడ్డు ఇక్కడా దొరుకుతుంది: అంగుళంలో 32వ వంతులు మూడు అంటే 2.4 మి.మీ., ఎనిమిదో వంతు అంటే 3.2 మి.మీ. ఇక్కడ ఎక్కువగా వాడే 7018 రకం రాడ్డు తేమ పీల్చితే వెల్డులోకి హైడ్రోజన్ చేరి పగుళ్లు వస్తాయి. ఎండలో ఆరబెడితే సరిపోదు, 350 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర గంటసేపు కాల్చాలి. కాబట్టి చిన్న ప్యాకెట్లే కొనండి.

చవకగా దొరికే గ్యాస్ లేని మిగ్ మెషీన్ (రాడ్డు బదులు గన్ నుంచి వైరు వచ్చే రకం) కొంటే ముందు పోలారిటీ, అంటే ప్లస్ మైనస్ ఎటున్నాయో చూడండి. లోపల ఫ్లక్స్ పొడి నింపిన ఫ్లక్స్ కోర్ వైరుకు గన్ నెగటివ్‌లో, ఎర్త్ క్లాంప్ పాజిటివ్‌లో ఉండాలి. గ్యాస్‌తో వాడే సాలిడ్ వైరుకు దీనికి తిరగేసి. కొత్తవాళ్లకు చిటపటలు ఎగిరి వెల్డు ముద్దలా రావడానికి చాలాసార్లు ఇదే కారణం. కానీ వాళ్లు ఆంప్స్ మార్చుకుంటూ కూర్చుంటారు.

గ్రైండర్ కూడా వద్దు. 120 వోల్టుల మీద అది బలం చాలక నీరసంగా తిరుగుతుంది. మన 4 అంగుళాల డిస్కుకు రంధ్రం 16 మి.మీ., ఇక్కడి నాలుగున్నర అంగుళాల డిస్కుకు 22 మి.మీ. పైన. రంధ్రం అరగదీసి ఇరికించకండి. కాస్త పక్కకు జరిగినా డిస్కు పగిలి ఎగురుతుంది.

తెచ్చుకోదగ్గవి మరలు కోసే ఎం6, ఎం8 (మిల్లీమీటర్ సైజు) ట్యాపులు, కొలతలు తీసే వెర్నియర్. ఇక్కడి పావు అంగుళం బోల్టు మన ఎం6లా కనిపించినా మరలు వేరు. బలవంతంగా బిగిస్తే రెండూ పాడవుతాయి.

అద్దె అపార్ట్‌మెంట్ బాల్కనీలో వెల్డింగ్ ఆలోచనే వద్దు. దగ్గర్లో మేకర్‌స్పేస్ (అందరూ పనిముట్లు పంచుకునే వర్క్‌షాపు) ఉందేమో, కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ క్లాసు ఉందేమో వాకబు చేయండి. గ్యారేజీలో చేస్తే చుట్టూ 35 అడుగుల మేర పెట్రోలు డబ్బాలు, అట్టపెట్టెలు తీసేయండి, పనయ్యాక కనీసం గంటసేపు అక్కడే కాపలా ఉండండి. జీఐ పైపు వెల్డ్ చేసే ముందు జింకు పూత గీకేయండి, ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి. ఇనుము తుడవడానికి క్లోరినేటెడ్ బ్రేక్ క్లీనర్ మాత్రం ముట్టుకోకండి. ఆర్క్ వేడికీ వెలుగుకూ అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది, కొద్దిగా పీల్చినా ప్రాణం మీదికి వస్తుంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే ఆర్క్ కొట్టండి.