ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే మెర్సెన్ సంఖ్య కూడా ప్రధాన సంఖ్యే అవుతుందా?

అవ్వనక్కరలేదు; 2ను ఏదైనా ప్రధాన సంఖ్య ఘాతానికి హెచ్చించి 1 తీసివేస్తే వచ్చే మెర్సెన్ సంఖ్య ఒక్కోసారి సంయుక్త సంఖ్య కూడా కావచ్చు. నియమం ఒకవైపే పనిచేస్తుంది: మెర్సెన్ సంఖ్య ప్రధాన సంఖ్య అయితే దాని ఘాతాంకం కూడా ప్రధాన సంఖ్యే అయి ఉండాలి, కానీ ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన మెర్సెన్ సంఖ్య ప్రధాన సంఖ్య కానక్కరలేదు. ఘాతాంకం రెండు చిన్న సంఖ్యల లబ్ధమైతే, ఆ చిన్న ఘాతాలతో ఏర్పడే సంఖ్యలు పెద్దదాన్ని నిశ్శేషంగా భాగిస్తాయి: 6 అంటే 2 × 3 కాబట్టి, 2⁶ − 1 అయిన 63ను 2² − 1 అయిన 3, 2³ − 1 అయిన 7 రెండూ భాగిస్తాయి. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినప్పుడు ఈ దారి మూసుకుపోతుంది కానీ, వేరే కారణాంకాలు ఉండే అవకాశం మిగిలే ఉంటుంది.

11 ప్రధాన సంఖ్యే, అయినా 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఆ కారణాంకాలు రెండూ 22 గుణిజం కంటే సరిగ్గా 1 ఎక్కువ కావడం యాదృచ్ఛికం కాదు. 2 తప్ప మిగిలిన ప్రధాన ఘాతాంకాలన్నింటికీ, మెర్సెన్ సంఖ్యను భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా ఆ ఘాతాంకపు రెట్టింపుకు గుణిజం కంటే 1 ఎక్కువగానే ఉంటుంది.

2024లో కనుగొన్న, 4,10,24,320 అంకెలున్న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1ను కేవలం దాని ఘాతాంకాన్ని చూసి ప్రధాన సంఖ్యగా ప్రకటించలేదు; మెర్సెన్ సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చే లూకాస్-లేమర్ పరీక్షతో దానిని విడిగా నిర్ధారించవలసి వచ్చింది.