గాలం కబుర్లు: ఆరొందల డాలర్లిచ్చి చేపని నీళ్ళలో వదిలెయ్యడమేంటి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఫ్లోరిడా మీదే. పిల్లలు అక్కడ, అమ్మానాన్నలు ఇక్కడ, మధ్యలో నా శీర్షిక. సరే కానివ్వండి.

*ప్రశ్న: సార్ నమస్తే. నేను పోర్టులో చేసి రిటైరయ్యాను. ఏప్రిల్లో మా అబ్బాయి దగ్గరికి టాంపా వెళ్తున్నాం. నాకు చేపల పిచ్చని వాడికి తెలుసు, అందుకని ఎవర్‌గ్లేడ్స్ అనే చోట గైడ్‌తో ఫిషింగ్ ట్రిప్ బుక్ చేస్తానంటున్నాడు. 4 గంటలకి 600 డాలర్లట! యాభై వేల పైమాట. ఆ డబ్బు పట్టుకుని తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే వంజరం బుట్టలకి బుట్టలు రాదా? పైగా పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారట. వద్దని చెప్పెయ్యమంటారా? (మల్కాపురం పాఠకుడు)*

వద్దని మాత్రం అనకండి అన్నగారూ. కేజీ లెక్క కడితే మీరన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్టు, అంత ఖరీదైన చేప భూమ్మీద ఉండదు. కానీ అక్కడ మీ అబ్బాయి డబ్బిచ్చేది చేపకి కాదు, ఆ నీళ్ళు తెలిసినవాడికి. అదేంటో నాకూ వెళ్ళాకే తెలిసింది, మా మేనల్లుడు తీసుకెళ్ళాడు, టాంపా నుంచి మూడు గంటలు కారులో, ఎవర్‌గ్లేడ్స్ సిటీ దాటి చోకోలోస్కీ అని చిన్న దీవి. సిటీ అనేది పేరుకే, మన భీమిలిలో రెండు వీధులంత ఉంటుందేమో.

అక్కడి నీళ్ళు సముద్రమూ కాదు, ఏరూ కాదు. టెన్ థౌజండ్ ఐలాండ్స్ అంటారు, నిజంగా పదివేలేం లేవు, వందల్లో ఉంటాయి, అన్నీ మడ చెట్ల దీవులే, వేర్లన్నీ వంగి నీళ్ళలోకి దిగి చెట్టు మొత్తం పీత కాళ్ళ మీద నిలబడ్డట్టుంటుంది. వాటి మధ్య సందులు, సందుల్లోంచి ఇంకా సన్న కాలవలు, ఆకులు నాని నాని నీళ్ళు పల్చటి డికాషన్ రంగులో ఉంటాయి. చాలా చోట్ల మోకాల్లోతే, కింద ఆల్చిప్పల దిబ్బలు. దారి తెలియనివాడు ఇంజన్ వేసుకుని లోపలికెళ్ళి పాటు టైంలో బురదలో కూర్చున్నాడంటే మళ్ళీ పోటు వచ్చేదాకా దోమలకి రక్తదానం చెయ్యాల్సిందే. ఏ దీవి చూసినా ఒకేలా ఉంటుంది, నాకైతే పది నిమిషాల్లో తూర్పేదో పడమరేదో పోయింది.

మా కెప్టెన్ వరసగా పాతిక కాలవలు వదిలేసి ఒకదాని దగ్గర ఇంజన్ ఆపేశాడు. ఇదే ఎందుకయ్యా అంటే, పాటు మొదలైంది, ఇప్పుడు వేర్ల మధ్య దాక్కున్న రొయ్యలూ చిన్న చేపలూ నీళ్ళతో పాటు బయటికి కొట్టుకొస్తాయి, పెద్ద చేప కష్టపడకుండా ఈ మూలమీద నోరు తెరుచుకుని కూర్చుంటుంది, ఇంకో నలభై నిమిషాలాగితే కూర్చోదు అన్నాడు. 600 డాలర్లూ ఆ ఒక్క మాటకే అనుకోండి. మీకు వాళ్ళ తాతముత్తాతల లెక్క కూడా చెప్తా, మా కెప్టెన్ వాళ్ళ తాత వలలేసుకు బతికినవాడట. ఎవర్‌గ్లేడ్స్ 1947 నుంచి నేషనల్ పార్కు, అయినా లోపల అమ్మకానికి చేపలు పట్టడం 1985 ఆఖరుదాకా సాగింది, తర్వాత ఆపేశారు. ఆ పైన 1994లో ఫ్లోరిడా జనమే ఓటేసి మొప్పలకి చిక్కే వలల్ని రాష్ట్రం మొత్తం మీద నిషేధించారు, 1995 జూలై నుంచి అమలు. వల పోయింది గానీ నీళ్ళ తెలివి ఎక్కడికి పోతుంది, అలాంటి ఇళ్ళ వాళ్ళు కొంతమంది గైడ్లయ్యారు. మన జాలారిపేటలో పెద్దవాళ్ళు నీటి రంగు చూసి చెప్తారే, అదే విద్య, కాకపోతే అక్కడ దానికి గంటల చొప్పున బిల్లు.

లైసెన్సు సంగతి అడగలేదు గానీ చెప్పేస్తా. చార్టర్ పడవకి, అంటే ఇలా అద్దెకి తిప్పే పడవకి, తీసుకున్న చేపల లైసెన్సులోనే ఎక్కినవాళ్ళందరికీ పర్మిషన్ వచ్చేస్తుంది, మీరు విడిగా తీసుకోనక్కర్లేదు. కెప్టెన్‌కి కోస్ట్‌గార్డ్ లైసెన్సు ఉండాలి, ఆరుగురు ప్యాసింజర్ల వరకు ఎక్కించుకునే దాన్ని వాళ్ళు సిక్స్‌ప్యాక్ అంటారు. మావాడు "కెప్టెన్‌కి సిక్స్‌ప్యాక్ ఉంది మావయ్యా" అంటే నేను ఆయన పొట్ట వైపు చూశా, అదేం కనపళ్ళేదు.

*ప్రశ్న: చిన్నప్పట్నుంచి గాలం వేస్తున్నాం, గైడ్ మనకి కొత్తగా నేర్పేదేముంటుంది? (భీమిలి నుంచి)*

నేనూ ఇదే పొగరుతో వెళ్ళాను తమ్ముడూ, గంటలో దిగిపోయింది. ఆ పడవ 17, 18 అడుగులుంటుంది, అడుగు చదునుగా, వెనక ఇంజన్ పైన చిన్న అరుగులా కట్టి ఉంటుంది. కెప్టెన్ ఆ అరుగెక్కి పొడుగు గెడతో నెట్టుకుంటూ వస్తాడు, చప్పుడు లేకుండా. పైనుంచి చూస్తాడు కాబట్టి నీళ్ళలో చేప వాడికి కనపడుతుంది, మనకి కనపడదు. ఉన్నట్టుండి "టెన్ ఓ క్లాక్, టెన్ ఓ క్లాక్!" అని అరిచాడు, నేను వాచీ చూసుకుని ఎనిమిదిన్నరేనయ్యా అన్నా. పడవ ముక్కు పన్నెండు గంటలనుకుని చెయ్యి చూపించే దిక్కంట అది! ఈలోగా చేప వెళ్ళిపోయింది. మా మేనల్లుడు ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఇది చెప్పందే కాఫీ ఇవ్వడు.

రెండో పాఠం ఇంకా కష్టం. మనకి బెండు మునగ్గానే ఒక్క గుంజు గుంజడం అలవాటు కదా, అక్కడ చాలామంది సర్కిల్ హుక్ వాడతారు, మొన లోపలికి వంగి దాదాపు సున్నాలా ఉంటుంది. గుంజితే నోట్లోంచి జారి వచ్చేస్తుంది. ఊరుకుని, చేప తిరిగి పోతుంటే దారం బిగిసేదాకా ఆగి మెల్లిగా చుట్టుకోవాలి, అప్పుడు మూతి మూలన పడుతుంది, కడుపులోకి దిగదు, అందుకే వదిలేశాక చేప బతుకుతుంది. నలభై ఏళ్ళ అలవాటు చేతికి ఆగమని చెప్తే వింటుందా. మూడు చేపలు పోయాయి, కెప్టెన్ ఏమీ అనలేదు, టోపీ కిందకి లాక్కున్నాడు అంతే.

టార్పాన్ తగిలితే మాత్రం వేరే కథ. నిలువెత్తు చేప, వంద పౌన్లు దాటేవి మామూలే, నీళ్ళలో గాలి తక్కువైతే పైకొచ్చి మనలాగే గాలి మింగి వెళ్తుంది, అలా పైకి దొర్లుతుంటేనే ఎక్కడుందో తెలిసేది. అది ఎగిరినప్పుడు కర్రని కిందకి వంచి దారం వదులివ్వాలి, బిగపట్టారా తెంపుకు పోతుంది.

*ప్రశ్న: నాకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది, మా ఆయన పడవ అంటున్నారు. షుగర్ కూడా ఉంది. వెళ్ళనా వద్దా? (సీతమ్మధార పాఠకురాలు)*

అమ్మా, తిప్పడం గురించి బెంగ వద్దు. మన హార్బర్ దాటగానే వచ్చే అలలుండవక్కడ, దీవుల చాటు నీళ్ళు, ఎక్కువసేపు చెరువులా ఉంటుంది. అసలు ఇబ్బంది వేరే, ఎవరూ ముందు చెప్పరు. ఆ చిన్న పడవల్లో బాత్రూమ్ ఉండదు, పైన నీడ కూడా ఉండదు. షుగర్ ఉన్నవాళ్ళకి నాలుగు గంటలంటే కష్టం కాబట్టి బుక్ చేసేటప్పుడే అబ్బాయితో అడిగించండి, ఇద్దరు ముగ్గురే ఎక్కే స్కిఫ్ కాకుండా కాస్త పెద్ద బే బోట్ ఉందా, మధ్యలో ఒడ్డుకి చేరుస్తారా అని. మొహమాటపడకండి, రోజూ పెద్దవాళ్ళని ఎక్కించుకునేవాళ్ళే వాళ్ళు. బిస్కెట్లు, నీళ్ళు, పొడుగు చేతుల చొక్కా. చలికాలం నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ, దోమలూ కాస్త నయం, వేసవిలో వెళ్తే మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములు మెరుపులు, దోమలతో పాటు కంటికి కనపడని చిన్న పురుగొకటి కుడుతుంది, దాని పేరే వాళ్ళ భాషలో "కనపడదు" అని!

*ప్రశ్న: పట్టిన చేప తెచ్చి పులుసు పెట్టుకోవచ్చా లేదా, సూటిగా చెప్పండి. (పెందుర్తి)*

సూటిగా అంటే, చేపని బట్టి, సైజుని బట్టి, నెలని బట్టి. టార్పాన్, బోన్‌ఫిష్ అయితే ఫొటో తీసుకుని వదిలెయ్యడమే, 40 అంగుళాలు దాటిన టార్పాన్‌ని అసలు నీళ్ళలోంచి పైకి ఎత్తకూడదు. రెడ్‌ఫిష్ 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి. స్నూక్ ఎవర్‌గ్లేడ్స్ వైపు 28 నుంచి 33 అంగుళాలు, మనిషికి ఒకటే, అదీ మార్చి ఏప్రిల్‌లోనూ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకానూ. రూల్స్ అప్పుడప్పుడు మారుస్తుంటారు, ఆ రోజు లెక్క కెప్టెన్ దగ్గరుంటుంది.

చిన్నది వదిలెయ్యమంటే సరే, పెద్దది కూడా ఎందుకు వదలాలి అని మీకు వస్తుంది, నాకూ వచ్చింది. స్నూక్‌ని చూస్తే మీకు మన పండుగప్ప గుర్తొస్తుంది, దగ్గరి చుట్టాలే, ఒకప్పుడు రెండిటినీ ఒకే కుటుంబంలో వేశారు శాస్త్రజ్ఞులు. రెండిటికీ ఒకటే చిత్రం, పుట్టడం మగగా పుట్టి పెరిగాక ఆడవి అవుతాయి. అంటే పెద్ద చేప అంటే గుడ్లు పెట్టే తల్లి అన్నమాట, అది కూరలోకి పోతే తర్వాతి ఏళ్ళకి పిల్లలెక్కడివి? 2010 జనవరిలో చలి విరుచుకుపడి అక్కడ స్నూక్ గుట్టలుగా చచ్చిపోయాయి, అప్పుడు ఫ్లోరిడా పడమటి తీరాన, అంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు, ఏళ్ళ తరబడి ఒక్కటి కూడా ఉంచుకోనివ్వలేదు. మన గోదారి మడల్లో పండుగప్ప పట్టి "పది కేజీలు" అని ఫొటోలు పెడుతుంటే నాకు ఇదే గుర్తొస్తుంది, సరే, ఆ గొడవ ఇంకోసారి.

*ప్రశ్న: వైజాగ్‌లో ఇలాంటి గైడెడ్ ఫిషింగ్ ఉందా బాబాయ్? (గాజువాక, ఇంజనీరింగ్ స్టూడెంట్)*

అచ్చంగా అలాంటిది మన దగ్గర నేను చూళ్ళేదురా. భీమిలిలో గోస్తని కలిసే చోట ఒడ్డున నిలబడి వెయ్యి, పోటు పాటు మారే టైంలో వెళ్ళు, మిట్టమధ్యాహ్నం కాదు. మడ అడవులంటే కాకినాడ దగ్గర కోరింగ, అది అభయారణ్యం, గాలం పట్టుకుని దూరిపోకు, ఫారెస్ట్ వాళ్ళ పడవెక్కి చూసి రా. తెలిసిన మత్స్యకారుడి పడవెక్కితే లైఫ్‌జాకెట్ లేకుండా ఎక్కకు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకి వేట నిషేధం కాబట్టి అప్పుడు అడిగి వాళ్ళని ఇబ్బంది పెట్టకు. డబ్బులు కూడబెట్టుకుంటే అండమాన్‌లో చార్టర్ పడవలున్నాయి, అది లోతు నీళ్ళ వేట, వేరే రకం.

*ప్రశ్న: కెప్టెన్‌కి టిప్ ఇవ్వాలా? (మళ్ళీ మల్కాపురం పాఠకుడే, పోస్టుకార్డు మీద)*

ఇవ్వాలి అన్నగారూ, 15 నుంచి 20 శాతం అక్కడి మర్యాద, చేప పడినా పడకపోయినా. మీరు జేబులో చెయ్యి పెట్టకండి, అబ్బాయి చూసుకుంటాడు. మీరు చూసుకోవాల్సింది ఇంకోటుంది. రేవుకి రాగానే కెప్టెన్ బల్ల మీద చేప పడేసి సన్న కత్తితో రెండు పక్కలా కండ తీసి సంచిలో వేసి ఇచ్చేస్తాడు, రెండు నిమిషాల పని, చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది. ఆ ముచ్చటలో ఉండగానే తలకాయా ముల్లూ ఎత్తి చెత్తడబ్బాలో వేసేశాడు. నేను నోరు తెరిచేలోపే అయిపోయింది, ఇంత లావు తలకాయ! మీరు పడవ దిగకముందే చెప్పెయ్యండి, హెడ్ కావాలి అని. వింతగా చూస్తాడు, చూడనివ్వండి.