ఒక్క రోజులో కంప్యూటర్ క్యాప్.. సరిగ్గా కూర్చుంటుందా?

ప్రశ్న: నా వయసు 42. కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ అయింది. అచ్చు తీయకుండా నోట్లో స్కాన్ చేసి, మెషీన్‌తో క్యాప్ తయారుచేసి అదే రోజు పెట్టేస్తామంటున్నారు. అంత తొందరగా చేసింది సరిగ్గా కూర్చుంటుందా? నిద్రలో పళ్లు కొరికే అలవాటు కూడా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

డాక్టర్ సలహా: తొందరగా చేస్తారని భయపడకండమ్మా. జ్యూరిచ్ యూనివర్సిటీలో 1985లోనే నోట్లో స్కాన్ చేసి, మెషీన్ చెక్కిన సిరామిక్ ముక్కను పంటిలో అమర్చారు. అప్పటి నుంచీ ఈ పద్ధతి మెరుగుపడుతూనే ఉంది.

ఒక్క రోజు క్యాప్‌కు ఎక్కువగా వాడేది లిథియం డైసిలికేట్ అనే గాజులాంటి సిరామిక్. చెక్కేటప్పుడు అది నీలంగా ఉంటుంది, చూసి కంగారు పడొద్దు. ఫర్నేస్‌లో సుమారు 840 డిగ్రీల వేడి తగిలాకే పంటి రంగు, గట్టిదనం వస్తాయి. క్యాప్‌లకు వాడే ఇంకో రకం సిరామిక్ జిర్కోనియా. దాన్ని మామూలుగా సుద్దలా ఉన్నప్పుడే చెక్కి, 1,500 డిగ్రీల దగ్గర్లో కాలుస్తారు. కాలితే ఐదో వంతు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ మేరకు ముందే పెద్దగా చెక్కిస్తుంది.

తేడా వస్తే ఎక్కువగా స్కాన్ దగ్గరే వస్తుంది. పంటి అంచు చిగురు కింద దాగినా, రక్తమో లాలాజలమో కమ్మినా స్కానర్‌కు కనపడదు. అప్పుడు క్యాప్ అంచు దగ్గర సందు మిగిలి, అందులో పన్ను మళ్లీ పుచ్చుతుంది. మీ చిగురు వాచి రక్తం కారుతుంటే ‘ఒక్క రోజు’ కోసం పట్టుబట్టకండి. నేనైతే చిగుళ్లు శుభ్రం చేసి, టెంపరరీ క్యాప్ పెట్టి, వాపు తగ్గాకే స్కాన్ చేస్తాను.

సిమెంట్‌తో అతికించక ముందే క్యాప్ పెట్టి చూడమనండి. పక్క పంటి సందులోంచి ఫ్లాస్ దారం కాస్త బిగువుగా దిగాలి, చీలికలు కాకుండా బయటికి రావాలి. అతికించాక ఎత్తుగా తగులుతుంటే, సర్దుకుంటుందిలే అని ఊరుకోవద్దు. నరం తీసేసినా వేరు చుట్టూ స్పర్శ ఉంటుంది, నమిలినప్పుడు నొప్పి పుడుతుంది. రంగు కాగితం కొరికించి ఎత్తు తగ్గిస్తే సరిపోతుంది.

పళ్లు కొరికే అలవాటున్నవాళ్లకు దవడ పన్నుపై పూర్తి జిర్కోనియా క్యాప్ మేలని నా అభిప్రాయం. దానికి ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టినా ఫరవాలేదు. రాత్రి పళ్లపై తొడుక్కునే నైట్ గార్డ్ కూడా చేయించుకోండి.

ఈలోగా ఆ వైపు గట్టివి నమలకండి. అలాగని నెలల తరబడి వాయిదా వేయొద్దు. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను క్యాప్ లేకుండా నిలువునా చీలితే చాలాసార్లు తీసేయక తప్పదు.