పెద్ద పంపు కొనే ముందు, ఉన్నదాని దిక్కు మార్చి చూడండి

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, భవానీ నగర్. ఇంట్లో నాలుగడుగుల ఆక్వేరియం ఉంది. ఏంజెల్ చేపలు, కొన్ని టెట్రాలు పెంచుతున్నాం. ఫిల్టర్ ఆడుతున్నా రాళ్ళ వెనక చెత్త పేరుకుంటోందని షాపులో చెబితే, గంటకు 3,000 లీటర్ల వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్ళను తోసే పంపు) ఇచ్చారు. అది పెట్టినప్పటి నుంచి ఏంజెల్స్ అన్నీ ఒక మూలకు చేరిపోయాయి, చెత్త మాత్రం అక్కడే ఉంది. ఇంకా పెద్దది తీసుకోవాలా?

జవాబు: వద్దండీ, ఇంకోటి కొనకండి. ముందు లెక్క చూద్దాం. నాలుగడుగుల ట్యాంకు అంటే మామూలుగా వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగు ఉంటాయి, అంటే 250 లీటర్ల పైచిలుకు, ఇసుక, రాళ్ళు పోగా 220 లీటర్ల నీళ్ళు అనుకోండి. మంచినీటి చేపలకు ఫిల్టర్ గంటకు నాలుగైదు సార్లు ట్యాంకు నీటిని తిప్పితే సరిపోతుంది, అంటే 1,000 లీటర్ల ఫిల్టర్ చాలు. కాకపోతే డబ్బా మీద వేసే అంకె స్పాంజి లేకుండా, నీళ్ళు పైకి ఎత్తే పని లేకుండా మోటారు ఇచ్చే లెక్క, స్పాంజికి మురికి పట్టాక అది బాగా తగ్గిపోతుంది, కాబట్టి 1,200 నుంచి 1,500 మధ్య తీసుకుంటే మంచిది. సముద్రపు పగడాలు పెంచేవాళ్ళు ఇరవై రెట్లు, ముప్ఫై రెట్లు కూడా తిప్పుతారు, అవి అలలు కొట్టే చోట బతికే ప్రాణులు కనుక. మీ ఏంజెల్ జాతి అమెజాన్ ప్రాంతంలో మెల్లగా పారే నీళ్ళలో, మొక్కల సందుల్లో తిరిగేది, పైగా పలుచటి వెడల్పాటి ఒళ్ళు, పొడుగు రెక్కలు. ఎదురు ప్రవాహంలో రోజంతా ఈదమంటే దానికి శిక్షే, అందుకే నీటి తోపు తగలని మూల వెతుక్కుని నిలబడుతోంది.

మరి చెత్త ఎందుకు కదల్లేదంటే, చాలామంది పంపును వెనక అద్దం మధ్యలో అతికించి ముందు అద్దం వైపు తిప్పుతారు. నీళ్ళు అద్దానికి కొట్టుకుని రెండు పక్కలకూ చీలిపోతాయి, రాళ్ళ వెనక నీరు అలాగే నిలిచిపోతుంది. మీరు ఇలా చేసి చూడండి. ఫిల్టర్ కుడి చివర ఉందనుకుంటే, వేవ్‌మేకర్‌ను కూడా అదే కుడి వైపు వెనక మూలలో, నీటి మట్టానికి రెండు మూడు అంగుళాల కింద పెట్టి, మొహం ట్యాంకు పొడవునా ఎడమకు, కొంచెం పైకి ఉండేలా తిప్పండి. నీళ్ళు పైపైన ఎడమ చివర దాకా వెళ్ళి, అక్కడి అద్దానికి తగిలి కిందికి దిగి, ఇసుక మీదుగా మళ్ళీ ఫిల్టర్ నోటి దగ్గరికి వస్తాయి, దారిలో చెత్తను కూడా తెస్తాయి. రాళ్ళను వెనక అద్దానికి ఆనించకుండా నాలుగు వేళ్ళు పట్టేంత సందు వదలండి, నా అనుభవంలో సగం సమస్య దీంతోనే తీరుతుంది.

సరిగ్గా తిరుగుతోందో లేదో తెలియాలంటే చిటికెడు మేతను పొడి చేసి తడిపి, పంపు ముందు వదిలి చూడండి. పొడి ఎక్కడ వాలిపోతే అక్కడ నీరు కదలడం లేదని అర్థం. ఇసుక లేచిపోయి కింది అద్దం కనిపిస్తే తోపు ఎక్కువైనట్టే. స్పీడు తగ్గించే రెగ్యులేటర్ ఉంటే బాగా తగ్గించండి. తగ్గించినా ఏంజెల్స్ మూల వదలకపోతే దాన్ని తీసేసి 1,000 లీటర్ల లోపు చిన్నది పెట్టండి.

తిరుపతి ఎండల గురించి కూడా చెప్పాలి. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, పైగా నీళ్ళలో మునిగి ఆడే మోటారు వేడి కూడా ఆ నీళ్ళలోకే పోతుంది. మే నెలలో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఇంకో మోటారు వేయకుండా, ఉన్నదాని మొహం ఇంకాస్త పైకెత్తి నీటి మీద అలలు లేచేలా చేయండి. మూత తీసి వల కప్పి, పైనుంచి చిన్న ఫ్యాను గాలి తగిలిస్తే ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతుంది.

ప్రశ్న: చిత్తూరులో ఉంటాం, బోరు నీళ్ళే. గప్పీ చేపల ట్యాంకులో పవర్‌హెడ్ (నీళ్ళలో మునిగి ఆడే చిన్న పంపు) గరగరమని శబ్దం చేస్తోంది, చేపపిల్లలు కూడా అందులోకి లాగబడి చనిపోతున్నాయి. మోటారు మార్చాలా?

జవాబు: ముందు ప్లగ్గు తీసి, ముందు మూత విప్పి ఇంపెల్లర్‌ను (లోపల తిరిగే రెక్కల చక్రం) బయటికి లాగండి. దాని చుట్టూ, లోపలి గుంతలో గరుకుగా తెల్లటి పొర కనిపిస్తే అది బోరు నీళ్ళ సున్నం, శబ్దం దానిదే. ఇంపెల్లర్‌ను వెనిగర్‌లో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి పెట్టండి, సబ్బు మాత్రం తగలనివ్వద్దు. ఇంపెల్లర్ మధ్యలోని సన్నటి కడ్డీ విరిగినా, అరిగినా ఇంపెల్లర్ ఒక్కటీ మారిస్తే చాలు. చేపపిల్లల కోసం, పంపు నీళ్ళు పీల్చే నోటికి స్పాంజి గొట్టం తొడిగి, వారం వారం ట్యాంకు నీళ్ళలోనే పిండండి. కుళాయి కింద కడిగితే, నీళ్ళలో క్లోరిన్ ఉంటే స్పాంజిలో మురికిని విరగ్గొట్టే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ట్యాంకులో బుడగలు వదిలే గాలి మోటారులోకి నీళ్ళు ఎక్కాయి. ఎందుకలా?

జవాబు: మోటారు నీటి మట్టం కంటే కింద ఉంటే, ఆగగానే నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వస్తాయి. మోటారును ట్యాంకు కంటే ఎత్తులో పెట్టండి, లేదా గొట్టం మధ్యలో నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే నాన్‌రిటర్న్ వాల్వ్ వేయించండి, చాలా చవక. ఏ పంపు వైరైనా ప్లగ్గు కంటే కిందికి ఒక మెలిక వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా ఉంచండి, వైరు మీద జారిన నీటి చుక్క అక్కడే రాలుతుంది, ప్లగ్గులోకి పోదు. చెయ్యి నీళ్ళలో పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీయడం ఒక్కసారి కూడా మరవకండి.